కడిగిన ఇసుక

"మళ్ళీ వచ్చాడే సీసాల తాత!" మేడమీది అక్క కేకేసింది.

కింది వాటాలోని తల్లి పాపను చంకనేసుకుని గుమ్మంలోకి వచ్చింది.

వీధి చివరి కుళాయి ఆమె ఇంటిదే. వారం రోజులుగా ఆ ముసలాయన పొద్దున్నే వస్తున్నాడు. చిన్న సీసాలో నీళ్ళు పట్టి, వెలుతురుకెత్తి చూసి, ఏదో రాసుకుని పోతున్నాడు.

"ఫిల్టర్ మిషన్లు అమ్ముతారా?" నిలదీసింది.

"లేదమ్మా. పాపకి ఒంట్లో బాగోదా?"

"మీకెవరు చెప్పారు?"

ఆయన కిటికీలోంచి గోడమీది క్యాలెండర్ చూపించాడు. కొన్ని తేదీల చుట్టూ ఎర్ర సున్నాలు.

"పాపకి విరేచనాలైన రోజులు," అంది ఆమె. "కాచిన నీళ్ళే తాగిస్తాను. స్నానంలో ఓ గుక్కెడు మింగేస్తుంది. డాక్టరేమో పళ్ళొస్తున్నాయంటాడు."

"ఆ తేదీలు రాసుకోనా తల్లీ?"

"నా బిడ్డ రోగం మీకు ఆటగా ఉందా? వెళ్ళండి!"

తలుపు వేసేసింది. ఆయన వెళ్ళలేదు. కిటికీ బయటే నిలబడి తేదీలన్నీ రాసుకున్నాడు.

మర్నాటి నుంచి రాలేదు.

"పీడా పోయింది," అంది అక్క.

రెండు నెలలు గడిచాయి. క్యాలెండర్లో ఒక్క సున్నా పడలేదు. పడకపోయినా ఆమెకు భయమే. పాపనెత్తుకుని నీళ్ళ ప్లాంటుకు వెళ్ళింది.

"నీళ్ళలో కొత్తగా ఏం కలుపుతున్నారు?"

ఆపరేటర్ నవ్వి, గోడకంటించిన గీతల కాగితం చూపించాడు. దాని కింద ఆమె తేదీలు!

"నీళ్ళు వడకట్టే ఇసుకను పది రోజులకోసారి కడుగుతామమ్మా. కడగ్గానే వచ్చే నీళ్ళే అన్నిటికన్నా శుభ్రమనుకుని నేరుగా ఊరికి వదిలేవాళ్ళం. ఈ తేదీలు తెచ్చిన తాత ప్లాంటు మొత్తాన్ని కంప్యూటర్లో లెక్కలతో కట్టాడు. చుక్క నీరు లేకుండా అందులో వందసార్లు ఇసుక కడిగి చూశాడు. కడిగాక మొదటి అరగంట ఇసుక మురికిని సరిగ్గా పట్టదట. మేం నవ్వాం. ఎర్ర సున్నాలన్నీ కడిగిన మర్నాడే ఉన్నాయని చూపించాక మా నోళ్ళు మూతపడ్డాయి. ఇప్పుడు ఆ అరగంట నీళ్ళు కాలవలోకే."

ఆమె పాపను గట్టిగా హత్తుకుంది.

"ఒక్కసారి ఆయనకి దండం పెట్టుకోవాలి. ఆయన ఎక్కడ ఇంజనీరు?"

"పోయిన వారం కన్నుమూశాడమ్మా. ఇంజనీరు కాదు. రిటైరయ్యాక మనవరాలి దగ్గర కంప్యూటర్ నేర్చుకున్నాడు."

ఆపరేటర్ గొంతు తగ్గించాడు.

"ముప్పై ఏళ్ళు ఈ ఇసుక కడిగి, ఆ మొదటి నీళ్ళు ఊరికి వదిలిన చెయ్యి ఆయనదే."