సిగ్నల్ లేని సాయంత్రం

మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళాక, సుభాషిణి తన కంప్యూటర్‌లో మధుబాబు ఫోన్‌ను తయారు చేయడం మొదలుపెట్టింది.

నిజమైన ఫోన్ కాదు. తెర మీద మాత్రమే బతికే ఫోన్. యాప్‌లను పరీక్షించడానికి వాడే ఎమ్యులేటర్. నెల్లూరులోని ఆ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆమె ఉద్యోగమే అది. ఏ మోడల్ కావాలంటే ఆ మోడల్, ఏ ఊళ్ళో కావాలంటే ఆ ఊళ్ళో ఉన్నట్టు యాప్‌ను నమ్మించాలి.

ఇవాళ నమ్మించాల్సింది యాప్‌ను ఒక్కదాన్నే కాదు.

మధుబాబు ఒక రొయ్యల మేత కంపెనీలో సూపర్‌వైజరు. ఇందుకూరుపేట వైపు గుంటల వెంట తిరిగే పని. మేత మూటలు దొంగతనంగా అమ్ముకుంటున్నాడని గుంటల కాపలాదారు మాల్యాద్రి కనిపెట్టాడు. తెల్లారి కంపెనీవాళ్ళకు చెబుతానన్నాడు. తెల్లారేసరికి తల పగిలి గుంటలో తేలాడు.

మాల్యాద్రి సుభాషిణికి అన్న. ఆమె కాలేజీలో చేరిన రోజు గేటు దాకా పెట్టె మోసుకొచ్చి, "నా చెప్పులు బాగలేవు, నువ్వు పో పాపా" అని అక్కడే ఆగిపోయినవాడు. ఆఫీసులో ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఊళ్ళో చావు అని సెలవు పెడితే, ఎవరిదని అడిగినవాళ్ళు లేరు.

ముందురోజు సాయంత్రం మధుబాబు అతని మీద ఇనుప రాడ్ ఎత్తడం గుంటల్లో పనిచేసే చెంచమ్మ కళ్ళారా చూసింది.

"నీకు చెప్పినా గానీ, స్టేషన్లో చెప్పమంటే చెప్పలేను పాపా. నాకు ఆడబిడ్డలుండారు" అని సుభాషిణి చేతులు పట్టుకుంది.

అనుమానం మీద పోలీసులు మధుబాబును తీసుకెళ్ళారు. ఆ సాయంత్రం తను కావలిలో ఉన్నానన్నాడు వాడు. ఫోన్ ఏదంటే బస్సులో పోయిందన్నాడు. ఆ సాయంత్రం అది ఏ టవర్‌కూ అందలేదు. ఇక మిగిలింది కంపెనీ హాజరు యాప్. సిబ్బంది ఎక్కడ తిరిగారో అందులో నమోదవుతుంది. ఆ యాప్ సుభాషిణి వాళ్ళ ఆఫీసు తయారుచేసిందే.

"పోలీసులు రికార్డు అడుగుతున్నారమ్మా. ఆ సాయంత్రం మాత్రం ఖాళీగా ఉంది" అన్నాడు మేనేజరు రూఫస్, పొద్దున్నే.

"సిగ్నల్ లేకపోయినా, నెట్ ఆపేసినా వివరాలు ఫోన్‌లోనే ఉండిపోతాయి సార్. ఆ ఫోన్ ఎవరికన్నా దొరికి ఆన్ చేస్తే అప్పుడు ఎక్కుతాయి. నేను చూస్తాను."

అదే ఆ యాప్‌లో ఉన్న లొసుగు. ఆలస్యంగా వచ్చినదాన్ని కూడా ఏమీ అడక్కుండా తీసేసుకుంటుంది. ఆ సంగతి కనిపెట్టి చెప్పింది సుభాషిణే. ఎవరూ పట్టించుకోలేదు.

నిన్న మైపాడు దగ్గర సుభాషిణి వాళ్ళ ఇంటికి సమాధానం అనే వకీలు వచ్చాడు.

"సాక్ష్యం దొరికితే వాడికి శిక్ష పడుద్దమ్మా. జైల్లో మంచిగా ఉంటే కొన్నేళ్ళకు వదిలేస్తారనుకో."

అమ్మ మాలకొండమ్మ తలెత్తింది. "వాడు కొన్నేళ్ళకు వస్తాడు. నా కొడుకు ఎన్నేళ్ళకు వస్తాడు సార్?"

వకీలు కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

ఆయన వెళ్ళిపోయాక ఆదెయ్య మామ లేచి నిలబడ్డాడు. సముద్రం మీద బతికే మనిషి. ఊరికే కూర్చోవడం రాదు.

"ఇంకా ఎన్నాళ్ళు ఇట్టా కూర్చోమంటావు పాపా?"

"కొంచెం ఓపిక పట్టు మామా. నా పని నన్ను చేయనీ."

ఆ పనే ఇప్పుడు చేస్తోంది. మధుబాబు వాడిన మోడల్ పెట్టింది. అదే ఆండ్రాయిడ్, అదే స్క్రీన్ సైజు, అదే సిమ్ నెట్‌వర్క్. ఫోన్ గుర్తింపు నంబరు యాప్ సర్వర్‌లో ఉంది, దాన్నీ ఎక్కించింది. పొద్దుగూకేవేళకు ఎంత మిగులుతుందో అంతకు బ్యాటరీ తగ్గించింది. నెట్ ఆపేసింది.

గడియారాన్ని ఆ సాయంత్రానికి తిప్పింది. అన్న ఇంకా బతికి ఉన్న గంటకు. ఆ అంకెల మీది నుంచి చూపు తిప్పుకోవడానికి చాలాసేపు పట్టింది.

ఆఖరున మిగిలింది, ఆ ఫోన్ ఎక్కడుందో చెప్పే గుర్తు. మ్యాప్ తెరిచి, తను అనుకున్న చోట పెట్టింది. ఒకేచోట కదలకుండా ఉంటే అనుమానం వస్తుందని అటూ ఇటూ జరిపింది, అచ్చం మనిషి తిరిగినట్టు. ఒక్కో అడుగూ వేయిస్తూ పళ్ళు కొరికింది. చీకటి పడే దాకా వాణ్ణి అక్కడే తిప్పింది.

నెట్ ఆన్ చేసింది. పచ్చ గుర్తు పడింది. తెర మీది ఫోన్‌ను ఆనవాలు లేకుండా చెరిపేసింది.

రూఫస్ చేతులు తుడుచుకుంటూ వచ్చి చూశాడు.

"ఎక్కిందే! దీంతో కేసు తేలిపోతుందమ్మా."

"అవును సార్. పంపించేయండి."

మర్నాడు తల్లీకూతుళ్ళు స్టేషన్‌కు వెళ్ళారు. సీఐ కాగితం చేతిలో పట్టుకుని మాలకొండమ్మ వైపు చూశాడు.

"రికార్డు వచ్చిందమ్మా. ఇంక మేం చేసేదేం లేదు, అంతా ఇందులోనే ఉంది."

మాలకొండమ్మ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వాడు ఒక్కసారి నా ఎదురుగా నిలబడాల."

"నిలబడతాడులేమ్మా" అంది సుభాషిణి. తల్లిని నడిపించుకుని రోడ్డు మీదికి వచ్చి, గేటుకు ఎదురుగా ఆగింది.

తను మ్యాప్‌లో పెట్టిన కావలి గుర్తును నమ్మి పోలీసులు వదిలేసిన మధుబాబు గేటు దాటుతుండగా, సుభాషిణి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, "బయటికొచ్చినాడు మామా, పడవ దించండి" అంది.