సమాధి పలకకు ఓ ముఖం

"మీ ఫొటోనే వేసెయ్యండమ్మా," అన్నాడు గని కార్మికుడు నికానోర్.

సమాధుల కోసం అల్యూమినియం పలకల మీద రంగు ఫొటోలు అచ్చేసే కసిల్దా ఉలిక్కిపడింది. "బతికున్నదాని ముఖం సమాధి మీదా? నీ నోట మన్ను పడ!"

"మా అమ్మ బతికుండగా ఒక్క ఫొటో కూడా దిగలేదు. మీ కళ్లు అచ్చం ఆవిడవే."

"మీవాళ్లు చూసి నవ్వరూ?"

"ఎవరున్నారని? ఆదివారం పూలు పట్టుకెళ్లేది నేనొక్కణ్ణే. ఒట్టి రాయితో ఎంతసేపని మాట్లాడను?"

ఓరురో పట్నంలో ఇన్నేళ్లుగా ఎందరి ముఖాలో అచ్చేసిన కసిల్దాకు, రేపు తను పోతే తన పలక చేయించే మనిషెవరో తట్టలేదు. జడలు సవరించుకుని ఫొటోకు నిలబడింది.

అచ్చుకాగితాన్ని పలక మీద పరిచి, వేడి యంత్రం కింద నొక్కి, మెల్లగా ఒలిచింది. రంగులు లోహంలోకి ఇంకి, తన ముఖమే తనను చూస్తోంది.

"ఏం పూలు తెస్తావు, బాబూ?" అని అడిగింది.