పచ్చ పట్టీ

“ఆపమ్మాయ్! ఆ పచ్చ పట్టీని ఆడనే ఆపు!”

గంగాధరం కేకకు, రెండూళ్ళ చేపల లెక్క చూపించడానికి మత్స్యశాఖ నుంచి వచ్చిన భానుప్రియ ఉలిక్కిపడింది. ఆమె ల్యాప్‌టాప్ మీద చెయ్యి వేసేలోగా, తుఫాను షెల్టరు గోడకు కట్టిన తెర మీద పచ్చ పట్టీ పై అంచు దాకా పోయి నిలబడింది. దాని పక్కన నీలం పట్టీ మోకాటి ఎత్తులో బిక్కుబిక్కుమంటోంది.

“ఏమైంది తాతా?”

“ఏమైందా? మా చిన్నకుప్పం పట్టీ ఏమో నీళ్ళబిందె మోసేదాని మాదిరి మెల్లగా లేచి కూలబడె. సవకపాళెందేమో తారాజువ్వ మాదిరి పోయె. ఏందమ్మా ఇందులో మతలబు?”

కూర్చున్న నలభై మందీ గుసగుసలాడారు. విషయం చిన్నదేమీ కాదు. రెండూళ్ళకూ కలిపి ఒకటే ఐసు ప్లాంటు. చేప ఎక్కువ పడే ఊళ్ళో కడతారు. ఈ లెక్కకు ఊరు ఒప్పుకుంటే ఈరోజే కాగితం పైకి పోతుంది. కావలి నుంచి ఆటోలో వచ్చే ఐసు దారిలోనే సగం కారిపోతుంది. మెత్తబడిన చేపను గంగాధరం పెళ్ళాం పిచ్చమ్మ బేరగాళ్ళు అడిగిన ధరకే ఇచ్చేసి వస్తుంది. ‘ప్లాంటు పోయిందంటే రేపట్నుంచి గంప నువ్వే ఎత్తుకో’ అని ఆమె పొద్దున్నే మొగుడికి చెప్పేసింది. ఇప్పుడు ఆడవాళ్ళ వరసలో ముందు కూర్చుని కళ్ళార్పకుండా చూస్తోంది.

“అది యానిమేషన్ తాతా. పట్టీలు ఒకదాని తర్వాత ఒకటి లేస్తే చూడటానికి బాగుంటుందని నేనే పెట్టాను.”

“లేపేది నువ్వే అయితే, ఎంత లేపాల్నో కూడా నువ్వే గదా?”

జనం నవ్వారు. గంగాధరం మాటకు ఊళ్ళో గిరాకీ ఎక్కువ. వలలో పడిన సొర తన పడవను పులికాటు దాకా లాక్కుపోయి, అక్కడ టీ తాగించి వెనక్కి తెచ్చిందని ఆయన చెబితే, టీలో చక్కెర సరిపోయిందా అని మాత్రమే అడుగుతారు. ఈరోజు చెప్పిన కథ రేపటికి ఆయనకే గుర్తుండదు గనక రోజూ కొత్తదే.

సంఘం కార్యదర్శి సుబ్బు హాజరు పుస్తకం అందించాడు. గంగాధరం చూపు తెర మీంచి తిప్పకుండానే సంతకం చేశాడు. పేరు చివరి సున్నను బారుగా లాగి, చేపతోకలా రెండుగా చీల్చాడు. ఆ తోక లేకపోతే బ్యాంకువాళ్ళు కూడా ఒప్పుకోరు.

“మాదాన్ని ముందు లేపినావు, అలిసిపోయింది. ఈసారి వాళ్ళదాన్ని ముందు లేపు.”

భానుప్రియ వరస మార్చింది. పచ్చది ముందుగా లేచి అంచుకే పోయింది. నీలం పట్టీ తర్వాత లేచి మోకాటి దగ్గరే ఆగింది.

“అసలు లేపనే వద్దు. ఉన్నదున్నట్టు పెట్టు.”

పెట్టింది. కదలకపోయినా రెండూ అంతే ఎత్తు.

గంగాధరం కళ్ళు చిన్నవి చేసుకున్నాడు. “మీదే ఊరమ్మా?”

“వెంకటాచలం తాతా.”

“సవకపాళెంలో చుట్టాలుండారా?”

“లేరు.”

“చుట్టాలు లేకుండానే ఇంత ప్రేమా!”

“అన్నా, ఉండు,” అని సుబ్బు అడ్డొచ్చాడు. “మా లెక్క యాడ్నుంచి తెచ్చినావమ్మా?”

“మీరు చెప్పిందేనండీ. పోయిన నెల మావాళ్ళు రెండూళ్ళ ఒడ్డునా పడవవాళ్ళని అడిగి రాసుకున్నారు. ఏ ఒడ్డున అడిగితే అది ఆ ఊరి లెక్క. ఇక్కడ పది మందిలో తొమ్మిది మంది ‘ఏమీ పడలేదు’ అన్నారు.”

ఏం పడిందని అడిగితే ఏమీ లేదనడం ఆ ఊళ్ళో ఉగ్గుపాలతో వచ్చిన మాట. పడిందంటే ఎక్కడని అడుగుతారు. చోటు చెబితే మర్నాడు అక్కడ పాతిక పడవలుంటాయి.

“సొంత ఒడ్డున నిజం చెప్పగూడదు, అది పద్ధతి,” అన్నాడు గంగాధరం. “సవకపాళెపోళ్ళూ వేటగాళ్ళే గదా? వాళ్ళెట్ట చెప్పినారు?”

“వాళ్ళూ చెప్పలేదు తాతా. ఒక్క పడవ లెక్కతోనే ఇదంతా లేచింది. ఒక్క వేటలో నాలుగు టన్నుల వంజరం.”

“నాలుగు టన్నులా!” గంగాధరం భుజం మీది తువ్వాలు జారింది. “పోయిన నెలే మనవరాలికి చెవులు కుట్టిస్తా ఉంటే సవకపాళెంలో వియ్యంకుడింట రెండు దినాలుండి వచ్చినా. ఆ పడవలు ఈ కళ్ళతో చూసినా. నాలుగు టన్నులు ఎక్కిస్తే ఒడ్డునే మునుగుతాయి. యెవడో పచ్చి అబద్ధాలకోరు నోటికొచ్చింది చెప్పినాడు, నువ్వు రాసుకున్నావు!”

“సంతకం పెట్టి చెప్పాడు తాతా.”

“యాడుందా సంతకం? చూపించు. వాని ఇంటికే పోయి అడుగుతాం.”

“ఆ ఒక్కటీ తీసేస్తే వాళ్ళ పట్టీ మనకంటే కిందకి దిగుద్ది,” అన్నాడు సుబ్బు ఉత్సాహంగా.

పిచ్చమ్మ కూడా లేచింది. “చూపించు తల్లీ. మా నోటికాడ కూడు లాగినోడెవడో మేమూ చూస్తాం.”

భానుప్రియ ఆ కాగితం ఫొటో వెతికి తెర మీదికి తెచ్చింది. దానికీ యానిమేషన్ ఉన్నట్టుంది, పైనుంచి కిందికి మెల్లగా విచ్చుకుంటోంది. ముందు ఊరు వచ్చింది: సవకపాళెం. తర్వాత తేదీ. తర్వాత చేప: వంజరం. తర్వాత బరువు: నాలుగు టన్నులు.

“తొందరగా లేపమ్మా!” అన్నాడు గంగాధరం, తెరకు ఇంకో అడుగు దగ్గరికి జరుగుతూ.

సంతకం చివర చేపతోక ఉంది.