నలభై వేల చావులు

మధ్యాహ్నం మూడింటికి ఆమె ప్రోగ్రాం బిగుసుకుపోయింది.

చంపింది ఆయనే. మూడు నెలల ఒప్పందం మీద వచ్చిన టెస్టరు. ప్రోగ్రాంలో నడుస్తున్న పనులను కావాలని సగంలో చంపి, మిగతాది తట్టుకుంటుందో లేదో చూడటం తప్ప ఆయన ఇంకేమీ చేయడు. అందుకే ఆఫీసంతా ఆయన్ని యముడంటుంది. ఆ పేరు పెట్టిన పుణ్యం ఆమెదే.

వాళ్లు తయారు చేస్తున్నది డయాలసిస్ యంత్రం. అందులో ఒకేసారి పదకొండు పనులు నడుస్తుంటాయి. ఒకటి రక్తం పంపు తిప్పుతుంది, ఒకటి తెర మీద అంకెలు చూపిస్తుంది, ఒకటి గాలి బుడగలు కనిపెడుతుంది. ప్రతి పనీ కాస్త మెమరీ తీసుకుంటుంది, తను వాడుతున్నదాన్ని ఇంకొకటి ముట్టుకోకుండా ఏదో ఒక తాళం పట్టుకుంటుంది. సగంలో చచ్చిపోతే దాని చేతిలో ఉన్నవన్నీ వెనక్కి లాక్కోవాలి. లేకపోతే మిగతా పనులు ఆ తాళం కోసం నోళ్లు తెరుచుకుని నిలబడిపోతాయి, యంత్రం ఆగిపోతుంది.

ఆ లాక్కునే భాగం రాసింది ఆమె. దాన్నెవరైనా వేలెత్తి చూపిస్తే ఊరుకోదు.

"నలభై వేలసార్లు చంపితే ఒక్కసారి ఆగిందండీ. దానికే యంత్రం పాసైందని సంతకం పెట్టనంటారా?"

"పెట్టను తల్లీ."

"సోమవారం ఆసుపత్రికి పంపాలి."

"ఆ ఒక్కసారి ఎవరి వంతు వస్తుందో చెప్పు, ఇప్పుడే పెడతాను."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. తిన్నగా మేనేజరు గదికి వెళ్లి, ఈ మనిషి చాదస్తంతో గడువు దాటేలా ఉందని, ఆయన సంతకం లేకుండానే పంపేద్దామని వాదించింది. మేనేజరు ఎటూ తేల్చక, మీరిద్దరే తేల్చుకోండని పంపేశాడు.

తిరిగొచ్చేసరికి ఆయన ఆమె బల్ల దగ్గర ఇంకో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆగిపోయిన క్షణాన్ని తెర మీద అలాగే ఉంచాడు.

ముఖం ముడుచుకునే చూసింది. ప్రతి పనికీ ఆమె ఒక చిట్టా పెట్టింది. పని ఏది తీసుకున్నా చిట్టాకెక్కుతుంది. పని చస్తే ఆ చిట్టా చూసి ప్రోగ్రాం అన్నీ వెనక్కి లాక్కుంటుంది. కానీ ఈసారి తెర మీద అంకెలు చూపించే పని, పంపు వేగం చదవడానికి పంపు తాళం పట్టుకుని, అది చిట్టాకెక్కేలోపే చచ్చింది. తాళం ఎవరి దగ్గరుందో ఎక్కడా రాసి లేదు.

"తీసుకున్నాక రాస్తున్నాను," అంది నెమ్మదిగా. "ముందు రాసి, తర్వాత తీసుకోవాలి."

"అదీ," అన్నాడాయన.

సోమవారం గడువు వదులుకుని, మూడు రోజుల్లో మార్చి రాసింది. ఆయన మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టి నలభై వేలసార్లు చంపాడు. మధ్యలో ఒప్పందం ముగిసిపోయినా వస్తూనే ఉన్నాడు. పనీపాటా లేని మనిషని అందరూ నవ్వుకున్నారు. రెండు వారాలు గడిచాయి. యంత్రం ఒక్కసారి కూడా ఆగలేదు.

సంతకం పెట్టి ఆమె బల్ల దగ్గరికొచ్చాడు.

"బాగా రాశావమ్మా. వెళ్లొస్తాను."

నలుగురిలో తప్పు బయటపడిందన్న ఉక్రోషం ఆమెకింకా చల్లారలేదు. తెర మీంచి కళ్లు తిప్పకుండానే, మంచిదండీ అంది. ఆయన వెళ్లిపోయాడు.

రెండు నెలల తర్వాత యంత్రం ఎలా నడుస్తోందో చూడటానికి ఆమె ఆసుపత్రికి వెళ్లింది. వార్డులో నర్సు ఎదురొచ్చి ఉన్న సంగతంతా చెప్పింది. కొత్త యంత్రమంటే మొదట అందరూ జంకారట. ఒక పేషెంటు మాత్రం తనంతట తానే ముందుకొచ్చాడట.

"ఏడాది క్రితం పాత యంత్రం ఆయన కూర్చునుండగానే ఆగిపోయిందండీ. అప్పట్నుంచి డయాలసిస్ జరిగే నాలుగు గంటలూ పంపు వంకే చూస్తూ కూర్చునేవారు, రెప్ప వాల్చేవారు కాదు. ఇది రాసిన అమ్మాయి నాకు తెలుసు, ముందు నాకే పెట్టండి అన్నారు."

ఆమె గుండె గర్వంతో ఉప్పొంగింది. అమ్మ తన గొప్పలు ఏ చుట్టానికి చెప్పుకుందో అనుకుంటూ, నర్సు వెనకే వెళ్లింది.

నర్సు చప్పుడు కాకుండా కర్టెన్ పక్కకు జరిపింది.

ఆమె యంత్రానికి చెయ్యి అప్పగించి, నోరు కాస్త తెరుచుకుని, ఆదమరిచి నిద్రపోతున్నాడు ఆ టెస్టరు.