వెనక స్పీకర్లు

“ఏమప్పా అన్వర్, ఈ డిస్కులో గూడా వెనక స్పీకర్లు పలకల్యా!” అన్నాడు ధర్మవరం చీరల వ్యాపారి చెన్నకేశవులు.

ఆయన కూతురు వాసవి పెళ్లికి వీడియో తీసిన అన్వర్, హిందూపురం నుంచి కంప్యూటర్ మోసుకొని మరీ వచ్చాడు. కొత్త హోం థియేటర్‌కు ఐదు స్పీకర్లున్నా ముందువే మోగుతున్నాయి.

“కెమెరాకు ఉండేది ఒకే మైకు అన్నా. ఆ శబ్దాన్నే అన్నిటికీ పంచల్ల.”

“ఎట్లన్నా చేయప్పా. పెండ్లిలో మీ వదిన పాడిన నలుగు పాట ఆమెకే సరిగా వినపడల్యాదంట. దానికే గదా ఈ సెట్టు కొనింది.”

ఆయన భార్య అమృతవల్లి గది మధ్యలో కూర్చుని, టీవీలో తన పెదవుల కదలికనే కన్నార్పకుండా చూస్తోంది.

అన్వర్ శబ్దాన్ని విడగొట్టి కొత్త డిస్కు తయారుచేసేసరికి మధ్యాహ్నం దాటింది. మీట నొక్కగానే నలుగు పాట గది నాలుగు మూలల నుంచీ లేచింది. కిటికీ అద్దాలు అదిరాయి. పక్కింట్లో మగ్గం ఆపి తొంగిచూశారు. చెన్నకేశవులు సంబరంగా అన్వర్ భుజం మీద చేయి వేశాడు.

“ఇంగా పెట్టల్యా నాయనా?” అమృతవల్లి నెమ్మదిగా అడిగింది.

చెన్నకేశవులు ఉలిక్కిపడి ఆమె వైపు చూశాడు.

“ఇంగొంచెం పెంచప్పా” అన్నాడు.

“ఇంతకంటే లేదన్నా.”

చెన్నకేశవులు వెళ్లి భార్య పక్కన కూలబడ్డాడు. ఆమె చెవికి నోరు ఆనించి, “ఇంగా పెట్టల్యా. పెడతాండాడు” అని గట్టిగా చెప్పాడు.

ఆమె సరేనని తలూపి, మళ్లీ టీవీ వైపు తిరిగింది.

పాట ఆపడానికి అన్వర్‌కు చేతులు రాలేదు.