లిండెన్ వీధి, పద్నాలుగో నంబరు

"పేరు, చిరునామా చెప్పండి," అన్నాడు మేయర్ గ్రేడీ, తల ఎత్తకుండానే.

"ఓరిన్ ట్వెట్. పద్నాలుగు, లిండెన్ వీధి."

కౌన్సిల్ హాలులో నవ్వులు మొదలయ్యాయి. హార్లన్ ఫాల్స్‌లో లిండెన్ వీధి అనేదే లేదు.

"ఆ వీధికి బస్సు ఎక్కడ ఎక్కాలో కాస్త చెప్పు పెద్దాయనా," అన్నాడు కౌన్సిలర్ హబ్బర్డ్.

"నడిచే వెళ్ళాలి బాబూ. తీర్మానం మొత్తం చదివించండి."

ప్రతి మంగళవారం ఇదే తంతు. ఎవరూ అడగకపోతే క్లర్కు తీర్మానం పేరు చదివితే చాలు. సభలో ఒక్కరు అడిగినా మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవాల్సిందే.

ఆ క్లర్కు లోర్నా. కుక్కల లైసెన్సుల మీద పద్నాలుగు పేజీలు గొంతు ఎండేలా చదివింది. బయట కారులో భర్త వెండెల్ ఎదురుచూస్తున్నాడని ఆమెకు తెలుసు.

వెండెల్ రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చాక, జూన్‌లో పెళ్ళయింది వాళ్ళకు. కూపర్ లేన్‌లో చిన్న ఇల్లు. పసుపు గళ్ళ కర్టెన్లు. ఇద్దరి పేర్లూ రాసిన ఉత్తరాల పెట్టె. దాని మూత తెరిస్తే పిచ్చుక పిల్లలా కీచుమంటుంది. ఆ చప్పుడు కోసమే లోర్నా రోజుకు రెండుసార్లు తెరిచేది, ఉత్తరాలు ఉన్నా లేకపోయినా.

అక్టోబరులో ఒక మంగళవారం సభకు ముందు ఆమె మెట్ల మీద ముసలాయనను ఆపింది.

"ట్వెట్ గారూ, ఈ ఒక్కరోజు నన్ను వదిలెయ్యండి. ఇవాళ మా ఆయన పుట్టినరోజు. నిమ్మకాయ కేకు చేసి కిటికీలో పెట్టి వచ్చాను."

ఆయన టోపీ తీశాడు. "పెళ్ళయి ఎన్నాళ్ళయింది?"

"నాలుగు నెలలు. పైన పది రోజులు."

"ఆ పదీ లెక్కపెట్టావన్నమాట," అని నవ్వాడు. తరవాత నవ్వు ఆపేశాడు.

"ఇవాళ్టి తీర్మానం నువ్వు చదివావా అమ్మాయ్?"

అది కౌన్సిల్ లాయరు ఆఫీసు నుంచి మధ్యాహ్నమే వచ్చింది. పదకొండు పేజీలు. లోర్నా తీర్మానం పేరు మాత్రమే చూసింది.

"చదివానండి."

"మొత్తం?"

"మొత్తం."

"అయితే ఇక నేనెందుకు," అన్నాడు ట్వెట్.

ఆ సాయంత్రం ఆయన చివరి వరసలో, మోకాలి మీద టోపీ పెట్టుకుని కూర్చున్నాడు.

లోర్నా చదివింది: "మూడో వార్డులో నీటి గొట్టాల మరమ్మతు, తత్సంబంధ ఇతర విషయాలు."

మేయర్ అలవాటుగా చివరి వరస వైపు చూశాడు.

"లిండెన్ వీధివారికి ఇవాళ నోరు పెగల్లేదా?" అన్నాడు హబ్బర్డ్.

ట్వెట్ లోర్నా వైపు చూశాడు. ఆమె చిరునవ్వు నవ్వింది. ఆయన లేవలేదు.

ఏడు చేతులు లేచాయి. నాలుగు నిమిషాల్లో అయిపోయింది. ఆమె ఇల్లు చేరేసరికి కేకు ఇంకా గోరువెచ్చగానే ఉంది.

డిసెంబరులో ఉత్తరాల పెట్టె కీచుమంది. లోపల నగరపాలక సంస్థ కవరు.

'ఇతర విషయాలు' తొమ్మిదో పేజీలో ఉన్నాయి. గొట్టాల కోసం ఎలాగూ తవ్వుతారు కాబట్టి, కూపర్ లేన్‌ను లారీల కోసం వెడల్పు చేస్తారు. ఎడమ వైపున్న ఆరు ఇళ్ళు తీసేస్తారు. మార్చి నెలాఖరుకు ఖాళీ చేయాలి.

ఎడమ వైపు మూడో ఇల్లు వాళ్ళది.

తరవాతి మంగళవారం లోర్నా తన బల్ల వెనక కూర్చోలేదు. జనం నిలబడే చోట నిలబడింది.

"పేరు, చిరునామా..." అని మేయర్ మధ్యలో ఆగిపోయాడు.

"లోర్నా ప్రూయిట్. ఇరవై రెండు, కూపర్ లేన్."

ఎవరూ నవ్వలేదు. హబ్బర్డ్ గోళ్ళు చూసుకున్నాడు.

"అభ్యంతరం చెప్పడానికి ముప్పై రోజులే గడువమ్మా. అది దాటిపోయింది. కాంట్రాక్టరుకు పని కూడా అప్పగించేశాం. నా చేతుల్లో ఏమీ లేదు," అన్నాడు మేయర్.

"నేను ఆ తీర్మానం చదవలేదు మేయర్ గారూ."

"మేమూ చదవలేదు," అన్నాడు మేయర్ నెమ్మదిగా.

ఆమె వెనక్కి తిరిగి చివరి వరస వైపు చూసింది. ఖాళీగా ఉంది.

"ట్వెట్ గారు రాలేదా?"

"ఆయన పోయి మూడు వారాలైంది," అన్నాడు తలుపు దగ్గరి కాపలాదారు. "కౌంటీ ఆసుపత్రిలో. చూడ్డానికి ఎవరూ రాలేదట."

సభ ముగిశాక మేయర్ ఆమెను పక్కకు పిలిచాడు. "పాత పుస్తకాలు వెతికి చూడు. ఒకసారి ఆమోదించిన తీర్మానాన్ని ఎప్పుడైనా వెనక్కి తీసుకున్నారేమో. ఒక్కటి దొరికినా మాట్లాడొచ్చు."

మర్నాడు పొద్దున్నే లోర్నా నేలమాళిగలోకి దిగింది. సభల మినిట్స్ పుస్తకాలు ఒక్కో ఏడాదీ వెనక్కి తిప్పుకుంటూ పోయింది. వెనక్కి తీసుకున్నది ఒక్కటీ లేదు.

1908, జూన్ దగ్గర ఆమె వేలు ఆగింది. ముత్యాల్లాంటి చేతిరాత.

"రైల్వే గోదాము విస్తరణ, తత్సంబంధ ఇతర విషయాలు. క్లర్కుకు నిన్ననే వివాహమైనందున, ఆయన కోరిక మేరకు, తీర్మానం పేరు మాత్రమే చదవబడినది. ఆమోదించడమైనది."

పేజీ తిప్పింది. తొలగించాల్సిన ఇళ్ళ జాబితా. లిండెన్ వీధి, ఒకటి నుంచి ఇరవై వరకు.

జాబితా కింద, అదే ముత్యాల చేతిరాతలో, సంతకం ఉంది: ఓరిన్ ట్వెట్, సిటీ క్లర్కు.