గాజుల కింద ఎరుపు

రక్తకణాల్లో దాక్కున్న వైరస్ కోపతాపాలకు నిద్ర లేస్తుందని తేలాక అందరి చేతికీ కంకణాలొచ్చాయి. అది పడుకుంటే కంకణం ఆకుపచ్చగా, కదిలితే ఎర్రగా వెలుగుతుంది.

అన్నం మాడిన వాసనకు సుభాషిణి స్నానాల గదిలోంచి పరుగెత్తుకొచ్చింది.

"స్టవ్ కట్టేయమన్నాను కదా!"

భర్త పురుషోత్తం ఫోన్లోంచి తలెత్తకుండానే ఎర్రబడిన కంకణం చూపించాడు. "మెల్లగా అనవే, నాది లేస్తుంది."

ఎప్పటిలాగే ఆమె కోపం దిగమింగి గిన్నె తోమింది.

మర్నాడు ఇద్దరూ కంకణాల తనిఖీకి వెళ్తే, క్లినిక్‌లో నర్సు ఆమె గాజులు పైకి నెట్టింది. కింద కంకణం నిప్పులా ఉంది.

"సార్‌ది కాస్త కదిలి మళ్లీ పడుకుందండి. మీదే లేచి కూర్చుంది. లోపలే దాచుకుంటే అంతేనమ్మా, పైకి అనేయాలి."

సుభాషిణి భర్త వైపు తిరిగింది. అతను గబుక్కున కంకణం ఎత్తాడు.

"ముందు ఆ చెయ్యి దించండి!"

ఆ కేకకు హాల్లో కూర్చున్నవాళ్ల కంకణాలన్నీ ఎర్రబడ్డాయి. సుభాషిణి గాజుల కింద మాత్రం ఆకుపచ్చ లైటు వెలిగింది.